మాట వినే పిల్ల

అల్ఫారెట్టా,
సెప్టెంబరు 14

వదినా,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. క్షేమ సమాచారాలు మన ఫ్యామిలీ గ్రూపులో రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులతో పాటు అందుతూనే ఉన్నాయి కనుక అవి వదిలేస్తున్నాను. కాగితం ఎందుకంటావా, నీ ఆడపడుచు మొగుడు వర్క్ ఫ్రమ్ హోమ్ అంటూ మా డైనింగ్ టేబుల్‌ని ఆఫీసు చేసి చాలా ఏళ్లయింది. ఈ ఇంట్లో గోడలు తక్కువ. కిచెన్‌లో చెంచా పడితే ఆయన మీటింగులో వాళ్లు ఉలిక్కిపడతారు. నీతో ఫోన్‌లో మాట్లాడితే "ఆఁ, బాగున్నాం, సాంబారు పెట్టాను" తప్ప ఇంకో మాట రాదు నాకు. ఉత్తరమైతే ఆయన చదవడు. ఇంగ్లీషు మీడియంలో పెరిగిన మనిషికి నా చేతిరాత అర్థం కావాలంటే లాయర్ కావాలి. నువ్వు కూడా తెలుగులోనే జవాబు రాయి.

లైబ్రరీలో శనివారం ఇంగ్లీషు క్లాసు చెప్తున్నానని తెలుసు కదా. పెళ్లికి ముందు గుంటూరులో డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్పిన లెక్చరరమ్మ ఇప్పుడు తాతలకీ బామ్మలకీ రసీదు అడగడం నేర్పుతోంది. నవ్వు, పర్వాలేదు. వారానికొక అంశం, ఒక కాగితం. ఎడమ పక్కన ఇంగ్లీషు మాటలు, కుడి పక్కన ఎవరి భాషలో వాళ్లు అర్థం రాసుకోవాలి. నిన్నటి అంశం విధేయత, ధిక్కారం. సిటిజన్‌షిప్ తీసుకునేవాళ్లకి ఆ మాటలు కావాలి, వాళ్లు చెప్పే ప్రమాణం నిండా అవే.

క్లాసులో దోయ్నా అని రొమేనియా ఆవిడ ఉంది. అరవై దాటాయి, ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి వాళ్లను చూసుకునే పని చేస్తుంది. వీసా లాటరీలో పేరు తగిలి గ్రీన్ కార్డుతో దిగింది. వచ్చి ఆరేళ్లు, వసంతానికల్లా సిటిజన్ అయిపోతుందట. ఆ లాటరీలో మన దేశం వాళ్లకి చోటు లేదు కనుక నేను ఆవిడకి కంగ్రాచ్యులేషన్స్ స్పెల్లింగు నేర్పాను.

'ఒబే' అన్న ఇంగ్లీషు మాట పక్కన ఆవిడ రొమేనియన్‌లో 'అస్కుల్తా' అని రాసింది. ఏమిటని అడిగితే చెవి చూపించింది. వినడం, మాట వినడం, రెండూ అదేనట. మనకీ అంతే కదా, పిల్ల మాట వింటుంది అంటే చెవులు పనిచేస్తున్నాయని కాదు. సబ్మిట్‌కి 'సుపునే' అంది, తల వంచి చూపించింది. డిఫైకి 'స్ఫిదా' అని రాసి గడ్డం పైకెత్తింది. క్లాసంతా గడ్డాలు పైకెత్తి నవ్వుకున్నారు.

మా సాన్వి వారాంతానికి కాలేజీ నుంచి వస్తే నాతో పాటు లైబ్రరీకి వస్తుంది. కుర్చీలు వేస్తుంది, కాగితాలు పంచుతుంది, అడిగినవాళ్లకి కాఫీ తెస్తుంది. దోయ్నా దాన్ని 'కుమింతె' అంటుంది. బుద్ధిమంతురాలు అనట, చెప్పిన పని చేసి ఎదురు చెప్పని పిల్ల. నేను మురిసిపోతుంటే ఆవిడ అడ్డంగా తలూపింది. "నేను మెచ్చుకోలేదు. మా దేశంలో ఒకప్పుడు, నియంత రోజుల్లో, అందరం కుమింతె. నాకు ఆ మాటంటే భయం."

ఇంటికొచ్చాక ఆ మాట వదలడం లేదు. జూన్ తొమ్మిదికి సాన్వికి ఇరవై ఒకటి నిండుతాయి. ఆ రోజు వరకూ అది వాళ్ల నాన్న వీసాకి వేలాడే పిల్ల. ఆ తర్వాత ఈ దేశంలో అది ఎవరిదీ కాదు. మూడేళ్ల పిల్లగా దిగింది, ఇంకో ఊరు తెలియదు. మా గ్రీన్ కార్డు క్యూ ఎప్పటికి కదులుతుందో దేవుడికి కూడా తెలియదు. ఈయన దగ్గర ఏదో ప్లాన్ ఉంది, చెప్పడు. నేను దగ్గరికి వెళ్తే ల్యాప్‌టాప్ మూసేస్తున్నాడు. నాకు ఊపిరాడడం లేదు వదినా, అది చెప్పడానికే ఇంత రాశాను.

నీ త్రివేణి


రెడ్‌మండ్,
అక్టోబరు 5

త్రివేణీ,

పిజ్జా కూపన్ల మధ్య నీ ఉత్తరం చూసి మీ అన్నయ్య కోర్టు నోటీసేమో అనుకున్నాడు. నేను చదివి వినిపించాను, చివరి పేరా మాత్రం మింగేశాను. చెల్లెలి బాధ వింటే రెండ్రోజులు అన్నం తినడు, ఆ వంకతో నాకు పని తగ్గుతుందనుకో, అయినా మింగేశాను.

మా ధృవ్ గాడి సంగతి విను. ఒక సెమిస్టరు చదువాపి కొండలెక్కుతాడట. అడగడం లేదు, చెప్తున్నాడు. "నీకు చెప్పడం కర్టసీ అమ్మా" అన్నాడు. నీ రొమేనియా ఆవిడ వాణ్ణి చూస్తే ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటుంది. నేనైతే చీపురు వెతుక్కున్నాను.

కానీ నిజం చెప్పనా, వాడలా తిరగగలుగుతున్నాడంటే జేబులో కార్డు ఉంది కనుక. సాన్వి పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు ఐదేళ్ల కిందటి ఆ అక్టోబరే గుర్తొస్తుంది. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది కదా, రెండో కేటగిరీలో ఉన్నవాళ్లు మూడో దానిలోకి దిగితే వెంటనే దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. మేం దిగాం. మాస్టర్స్ చేసి మూడో కేటగిరీనా, ఈబీ త్రీనా అని మీ అన్నయ్యను పార్టీల్లో ఎంత ఆటపట్టించారో. దరఖాస్తు పడ్డ రోజుతో వాళ్ల లెక్కలో పిల్లాడి వయసు ఆగింది, ఇరవై ఒకటి దాటినా భయం లేదు, అంతకంటే ఏం కావాలి.

మీరు వద్దనుకున్నారని తెలిసి ఆయన చాలా బాధపడ్డాడు. మీ ఆయనకి, జితేందర్ అన్నయ్యకి, ఆ రోజు ఫోన్ చేసి ఎంతో సేపు చెప్పి చూశాడు కదా. "త్రివేణి గూడ వద్దంటున్నది బావా" అన్నాడట అన్నయ్య. సరే, ఇద్దరూ ఆలోచించుకున్న నిర్ణయం, ఇప్పుడు తవ్వుకుని లాభం లేదు. ఏదో దారి దొరుకుతుంది. ధైర్యంగా ఉండు, వేళకి తిను.

శాంతి


అల్ఫారెట్టా,
అక్టోబరు 13

వదినా,

ఏ ఫోను? ఎవరు వద్దన్నారు?

నన్నెవరూ అడగలేదు. ఆ తలుపు తెరిచిందని తెలుసు, మన కేసుకి అది పనికిరాదని లాయర్ చెప్పాడన్నాడు ఈయన. నేను నమ్మాను. అన్నయ్య సరిగ్గా ఏం విన్నాడో, ఒక్క మాట కూడా కలపకుండా, తీసేయకుండా రాయి.

త్రివేణి


రెడ్‌మండ్,
అక్టోబరు 21

త్రివేణీ,

నీకు తెలియదన్న సంగతి నాకు తెలియదు. ఒట్టు. తెలిసి ఉంటే ఆ ఉత్తరంలో అంత తేలిగ్గా పడేసేదాన్నా?

మీ అన్నయ్యను కూర్చోబెట్టి మళ్లీ అడిగాను. ఫోన్ చేసింది నిజం. కేసుకి పనికొస్తుందని ఇద్దరి లాయర్లూ చెప్పింది నిజం. జితేందర్ అన్నయ్య ముందు నవ్వేశాడట, తర్వాత విసుక్కున్నాడట, చివరికి నీ పేరు చెప్పి ముగించాడట. నీ పేరు విన్నాక మీ అన్నయ్య ఇంక ఏమీ అనలేకపోయాడు. చెల్లెలు వద్దన్నదాన్ని మళ్లీ ఎత్తడం బాగుండదని నీతో కూడా అనలేదు.

కోపం వస్తుంది, రావాలి. కానీ నిలదీసే ముందు ఆ మనిషి ఇన్నేళ్లూ ఎలా బతుకుతున్నాడో కూడా చూడు. ఉద్యోగం పోతే రెండు నెలల్లో సామాను సర్దుకోవాల్సినవాడు. సెలవు అడగడానికి కూడా జంకేవాడు. నేను ఆయన పక్షం కాదు, నీ పక్షమే. ఇల్లు మాత్రం పగలగొట్టకు, జూన్ వరకూ మీకు ఆ ఇల్లే కావాలి.

శాంతి


అల్ఫారెట్టా,
నవంబరు 9

వదినా,

అడిగాను. మీటింగుల మధ్య భోజనానికి లేచినప్పుడు, అన్నం వడ్డించి మరీ అడిగాను. ఆయన చాలాసేపు పప్పు కలుపుతూ కూర్చున్నాడు.

"రెండు మూడు నెలల్ల మన లైన్ గూడ కదులుతదని అందరూ అన్నరు. మాస్టర్స్ చేసి, ఇంత టీమ్ నడిపిచ్చుకుంట నేను మూడో కేటగిరీ అని ఎట్ల సంతకం పెడ్త? నిన్ను అడిగితే దిగుమంటవని తెలుసు. అందుకే అడగలే."

కంచం తీసి గోడకి కొట్టాలనిపించింది. కొట్టలేదు. పెరుగు వేశాను.

మన పార్టీల్లో జనం పిల్లల పేర్ల కంటే ముందు కేటగిరీ అడుగుతారు కదా, రెండో దానిలో ఉన్నవాడు మూడో దానిలో ఉన్నవాణ్ణి చూసే చూపు వేరు. ఆ చూపు కోసం ఈయన నా కూతురి దారి మూసేశాడు. కంపెనీకీ, మేనేజర్‌కీ, లాయర్‌కీ ఇన్నేళ్లు తల ఊపిన మనిషి ఒక్కసారి తల ఎత్తాడు, అదీ ఎత్తకూడని చోట. అదే అన్నాను. ఆయన మొహం కడుక్కుని వచ్చి కెమెరా ముందు కూర్చుని "హాయ్ ఆల్" అన్నాడు. నాకు అసహ్యం వేసింది, జాలి కూడా వేసింది.

ఆ ల్యాప్‌టాప్‌లో దాచిన ప్లాన్ బయటపడింది. పెళ్లి. శాంటా క్లారాలో ఈషాన్ అనే కుర్రాడు, ఇక్కడే పుట్టాడు, తల్లి పేరు రేష్మ. సిటిజన్‌ను చేసుకుంటే క్యూ లేదు, జూన్ లోపల రిజిస్టర్ మ్యారేజ్ అయిపోతే పిల్ల ఇక్కడే ఉంటుంది. శనివారం సాన్విని కూర్చోబెట్టి చెప్పాడు. వంటింట్లోంచి వింటున్నాను. "ఓకే నాన్నా" అంది.

ఆ ఓకే నాకు బాగా తెలుసు వదినా. కంప్యూటర్ సైన్స్ తీసుకోమంటే అదే ఓకే. స్నేహితులతో న్యూయార్క్ వద్దంటే అదే ఓకే. కాలేజీలో ఏదో ఊరేగింపు జరిగితే దూరంగా ఉండు, ఎవరైనా ఫోటో తీస్తే వీసాకి మచ్చ అని నేనే అన్నాను, దానికీ అదే. ఒక ఏడాది ముందే డిగ్రీ ముగించమంటే, మేలో ముగిస్తోంది. భయపడి భయపడి దాన్ని అలా తయారు చేసింది మేమే.

గదిలోకి వెళ్లి అడిగాను, నీకిది ఇష్టమేనా అని. "ఇట్స్ ఫైన్ అమ్మా. నాన్న చూశాడు కదా." ఒక్కసారి వద్దని అను తల్లీ, నేను చూసుకుంటాను అన్నాను.

"నువ్వు వద్దను అంటే, వద్దు అంటాను" అంది.

మంచం మీద దాని పక్కన కూర్చుని, ఉతికిన బట్టలు మడతపెట్టి వచ్చేశాను.

త్రివేణి


రెడ్‌మండ్,
డిసెంబరు 7

త్రివేణీ,

ఈషాన్ సంబంధం చెప్పింది నేనే. దాచి లాభం లేదు, ఎలాగూ రేష్మ నోట వింటావు. సెప్టెంబరు నుంచీ మాటలు నడుస్తున్నాయి. నీకు ముందే చెప్తే ఆవేశపడతావని జితేందర్ అన్నయ్యకే చెప్పాను.

ఎందుకు చెప్పానంటే, ధృవ్ భోజనానికి కూర్చున్నప్పుడల్లా నాకు సాన్వి కనపడుతోంది. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారు, ఒకే పలకమీద దిద్దారు. వాడికి దొరికింది దానికి దొరకలేదు. నేను చేయగలిగిందేమిటా అని చూస్తే చేతిలో ఒక మంచి కుర్రాడు కనపడ్డాడు. రేష్మ నాకు పదేళ్లుగా తెలుసు, నోరు పెద్దది కానీ మనసు మంచిది. అబ్బాయికి సిగ్గెక్కువ, కుక్కలంటే ప్రాణం, గట్టిగా మాట్లాడడు. ఇందులో మోసం ఏముంది? మీ అన్నయ్యను నేను పెళ్లికి ముందు చూసింది కాఫీ చల్లారేంతసేపు. అప్పుడు నన్ను ఎవరూ ఇష్టమేనా అని మంచం పక్కన కూర్చుని అడగలేదు.

నీకు ధిక్కారం ముద్దుగా ఉంది, క్లాసులో నేర్పుతున్నావు కూడా. గడ్డం పైకెత్తడం తేలికే. ఆ తర్వాత పిల్ల ఎక్కడ పడుకుంటుందో అది చెప్పు. స్టూడెంట్ వీసా అంటావా, చదువు ఆపగానే మళ్లీ మొదటికొస్తుంది. ఇండియా అంటావా, అక్కడ దానికి బస్సెక్కడం కూడా రాదు. అది సరే అంది, వాళ్లు సరే అన్నారు. నువ్వు దాని చేత వద్దనిపించాలని ఎందుకింత పట్టు పడుతున్నావు? జనవరిలో వాళ్లు ఫోన్ చేస్తారు, నవ్వుతూ మాట్లాడు.

కోపం వస్తే రాయడం మానకు. తిట్టి రాయి.

శాంతి


అల్ఫారెట్టా,
ఏప్రిల్ 19

వదినా,

తిట్టి రాయమన్నావు. నాలుగు నెలలు కాగితం ముందేసుకుని అదీ చేతకాలేదు. నా వెనక ఈయన, ఈయన వెనక నువ్వు. ఎవరి మీద అరవాలన్నా వాళ్లు నా మంచి కోసమే చేశామంటారు. తాళం లేని ఇంట్లో బందీగా ఉన్నట్టుంది నాకు.

జనవరిలో నవ్వుతూనే మాట్లాడాను. మే ఇరవై రెండున కోర్టులో రిజిస్ట్రేషన్ అని ఖాయం చేశారు. ఈషాన్ మంచివాడే, కాదనను. సాన్వి ఆదివారం ఆదివారం అతనితో ఫోన్‌లో మాట్లాడేది, హోంవర్క్ చేసినట్టు, తలుపు తీసిపెట్టి.

శుక్రవారం దోయ్నా ప్రమాణం. ఆవిడకి ఇక్కడ ఎవరూ లేరు, నన్నూ సాన్వినీ రమ్మంది. పెద్ద హాలు. ముందు వరసల్లో కొత్త పౌరులు, వెనక మా లాంటి చూడ్డానికి వచ్చినవాళ్లు. దేశాల పేర్లు ఒక్కొక్కటే చదువుతారు, ఎవరి దేశం వస్తే వాళ్లు లేచి నిలబడాలి, అందరూ లేచాక ప్రమాణం చెప్పిస్తారు. హైతీ అన్నారు, హంగరీ అన్నారు, ఇండియా అన్నారు.

సాన్వి లేచింది వదినా.

పూర్తిగా కాదు, సగం. ఫోన్‌లో దోయ్నాని వీడియో తీస్తూ, తన దేశం పేరు పిలిచేసరికి తెలియకుండానే లేచింది. లేవమంటే లేవడమే కదా దానికి అలవాటు. నేను మోచెయ్యి పట్టుకుని కిందికి లాగాను. ఎవరూ చూడలేదు. అది మోకాలు తగిలిన ముందు సీటావిడకి "సారీ" చెప్పి కూర్చుంది. దానికి చెవులు ఎర్రబడ్డాయి. నా చెయ్యి ఇంకా దాని మోచేతి మీదే ఉంది, తీయబుద్ధి కాలేదు. అంతమంది నిలబడి చెయ్యెత్తి విధేయులమై ఉంటామని చెప్తున్నారు. పదిహేడేళ్లు అణువంత తప్పు చేయకుండా విధేయంగా ఉన్న పిల్లని నేను కూర్చోబెట్టి పట్టుకున్నాను.

బయట దోయ్నా చిన్న జెండా పట్టుకుని సాన్వితో ఫోటోలు దిగుతోంది. నేను కారు దగ్గరికి వెళ్లి రేష్మకి ఫోన్ చేశాను. మా అమ్మాయికి ఈ పెళ్లి వద్దండి అన్నాను. ఆవిడ "సాన్వి అన్నదా?" అంది. "అంది" అన్నాను.

సాయంత్రానికి సాన్వికి ఈషాన్ మెసేజ్ వచ్చింది. అది వంటింట్లోకి వచ్చి అరిచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. "నేను చెప్పని మాట నేను చెప్పానని ఎట్లా చెప్తావ్? నన్ను ఎవరన్నా అడిగారా? పెళ్లి కుదిర్చే ముందు నాన్న అడగలే, వద్దని చెప్పే ముందు నువ్వు అడగలే." ఈయన డైనింగ్ టేబుల్ దగ్గర మ్యూట్ నొక్కడం మరిచిపోయాడు, వాళ్ల డైరెక్టరు కూడా విని ఉంటాడు. ఆయన మ్యూట్ నొక్కి మళ్లీ స్క్రీన్ వైపు తిరిగాడు. అది గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మర్నాడు పొద్దున్నే పరీక్షలున్నాయని కాలేజీకి వెళ్లిపోయింది. నేను ఫోన్ చేస్తే తీయడం లేదు. నీకేమైనా చేసిందా?

త్రివేణి


రెడ్‌మండ్,
మే 24

త్రివేణీ,

పిల్ల నా దగ్గరే ఉంది, నీకు మెసేజ్ పెట్టింది కదా, అయినా నా చేత్తో రాస్తే నీకు నిద్రపడుతుందని రాస్తున్నాను. డిగ్రీ పట్టా తీసుకున్న మర్నాడే ఫ్లైట్ దిగింది. ధృవ్ కొండల్లో ఉన్నాడు, వాడి గది ఇచ్చాను. తింటోంది. పడుకుంటోంది. మీ అన్నయ్యతో క్యారమ్స్ ఆడి ఓడించింది.

ముందు నిన్ను ఒక మాట అంటాను, తర్వాత నన్ను నేను అనుకుంటాను. రేష్మ అడిగితే నువ్వు "అంది" అన్నావు. మీ అన్నయ్య అడిగితే జితేందర్ అన్నయ్య "త్రివేణి గూడ వద్దంటున్నది" అన్నాడు. నాకు రెండింటికీ తేడా కనపడలేదు. నేనూ తక్కువ తినలేదు, నీ పిల్ల పెళ్లి నీకు తెలియకుండా మొదలుపెట్టాను. ముగ్గురం కలిసి దాన్ని మూడు పక్కలా లాగాం.

ఇక అది చేసిన పనులు విను. ఈషాన్‌కి తనే ఫోన్ చేసింది. "నువ్వు మంచివాడివి. కానీ నేను ఎందుకు చేసుకుంటున్నానో నీకు తెలుసు, నాకు తెలుసు" అంది. ఆ అబ్బాయి ఏడ్చాడట, తర్వాత థాంక్స్ చెప్పాడట. స్టూడెంట్ వీసా కాగితాలు జితేందర్ అన్నయ్య నింపి పంపితే సంతకం పెట్టలేదు. చదువయ్యాక నా ఇంటికి నేను వెళ్లిపోతానని అందులో చెప్పాలట. "నా ఇల్లు ఇదే కదా అత్తయ్యా, అబద్ధం ఎట్లా రాస్తాను? రాసినా మళ్లీ ఉద్యోగం వీసాకి లాటరీ, మళ్లీ క్యూ. నాన్న నిలబడ్డ లైన్‌లో నేను నిలబడను" అంది. గట్టిగా అనలేదు. అట్లు తింటూ అంది.

వారం నుంచీ గది తలుపేసుకుంటే ఏడుస్తోందనుకున్నాను. ఇంటర్వ్యూలు ఇస్తోంది. పుణెలో ఉద్యోగం వచ్చింది. అక్కడ మనవాళ్లు ఒక్కరు కూడా లేరు కదే అన్నాను. "అందుకే" అంది.

మీ అన్నయ్య హైదరాబాదులో మా తమ్ముడి ఇల్లు ఉందని మొదలుపెట్టబోతే నేనే కాలు తొక్కాను. జూన్ ఏడున మీ అట్లాంటా నుంచే బయలుదేరుతుంది. అంతకు ముందు నాలుగు రోజులు మీ దగ్గర ఉంటుందట. దానికి బోధ చేయకు. ఇష్టమైనవి వండిపెట్టు.

శాంతి


అల్ఫారెట్టా,
జూన్ 11

వదినా,

పుణె చేరింది. మొన్న దాని పుట్టినరోజు, తనే కేకు కొనుక్కుని ఫోటో పంపింది. ఆఫీసు వాళ్లిచ్చిన గదిలో ఫ్యాను బాగా చప్పుడు చేస్తోందట. బస్సెక్కింది కూడా, తప్పు బస్సు.

నువ్వు బోధ చేయొద్దన్నావు, చేయలేదు. అంతకంటే పెద్ద పని చేశాను. దాని పక్క సీటుకి నాకూ టికెట్ కొన్నాను. ఈయన అప్పుడే చెప్పాడు, మా వీసా పొడిగింపు ఇంకా రాలేదు, ఇప్పుడు దేశం దాటితే నన్ను మళ్లీ రానిస్తారో లేదో తెలియదు అని. తెలుసు అన్నాను. "మీరిద్దరూ పోతే నేనీడ ఎవరి కోసం నిలబడ్డట్టు?" అన్నాడు. ఆ మనిషి అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. అయినా పెట్టె సర్దాను. చీరలు తక్కువ, ఆవకాయ ఎక్కువ. ఎన్నాళ్ల తర్వాతో గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. ఈ ఇంట్లోంచి, ఈ క్యూలోంచి, ఈయన మీటింగుల్లోంచి బయటపడుతున్నాననే ఆనందం కూడా అందులో ఉంది, నీ దగ్గర దాచను.

ముందు రోజు సాయంత్రం సాన్వి నా పెట్టె చూసింది. దాని మీద కూర్చుంది.

"అమ్మా, నువ్వు రావద్దు."

నీకు వంట రాదు, భాష రాదు, ఒక్క నెల ఉండి వస్తాను అన్నాను. తిరిగి రాలేకపోవచ్చని తెలిసీ అన్నాను.

"నువ్వు వస్తే నాకు ఈజీ అవుతుంది. నువ్వు చెప్పినట్టు తింటాను, నువ్వు చెప్పినట్టు ఉంటాను. నాకు ఇంకోటి రాదు అమ్మా, నేర్చుకోలే. నువ్వు లేకపోతేనే వస్తుంది. ప్లీజ్, రావద్దు."

బతిమాలాను. నాకు కూడా వెళ్లాలని ఉంది, నీ కోసమే కాదు నా కోసం అన్నాను. అది నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నవంబరులో నేను దాని పక్కన కూర్చున్నట్టు కాదు, నా కంటే పెద్దదానిలా కూర్చుంది. ఏడ్చింది. మాట మాత్రం మార్చలేదు.

ఎయిర్‌పోర్టులో ఈయన ఒక్క జాగ్రత్త కూడా చెప్పలేదు. పాస్‌పోర్టు ఉందా అని కూడా అడగలేదు. లోపలికి వెళ్లే ముందు "సాన్వీ, ఆ అక్టోబర్ల నేను..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అది "నాకు తెలుసు నాన్నా" అని కౌగలించుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఇద్దరం కారులో వచ్చేటప్పుడు ఆయన దారి తప్పాడు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర ఎవరికో స్క్రీన్ చూపిస్తున్నాడు. నేను ఎదురుగా కూర్చుని రాస్తున్నాను. ఇరవై ఒక్క ఏళ్లలో నా కూతురు నన్ను 'వద్దు' అన్నది ఇదొక్కసారే. కాదనలేకపోయాను. టికెట్ క్యాన్సిల్ చేశాను, వదినా. ఇక్కడే ఉన్నాను.

త్రివేణి